మద్యం, పొగాకు రాబడి పక్కన ఆస్పత్రి ఖర్చు కూడా రాయండి: ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆర్థిక మంత్రి గారికి,

నమస్కారం. మద్యం, పొగాకు మీద వచ్చే పన్ను బడ్జెట్‌లో ఆదాయం కింద స్పష్టంగా కనిపిస్తుంది. వాటివల్ల అయ్యే ఖర్చు మాత్రం ఎక్కడా ఒకచోట కనిపించదు. కొంత వైద్య శాఖ పద్దులో, కొంత రోడ్డు ప్రమాదాల్లో, కొంత పింఛన్లలో కలిసిపోతుంది. ఇంకెంతో అసలు సర్కారు లెక్కల్లోకే రాదు, ఇళ్లల్లో అప్పులుగా మిగులుతుంది.

తాగుడుతో లివర్ పాడైన మనిషిని ఒక్కసారి దగ్గరుండి చూడండి. పొట్టలో నీరు చేరి ఉబ్బిపోతుంది. ఆస్పత్రిలో సూది గుచ్చి లీటర్ల కొద్దీ తీస్తారు. కొన్నాళ్లకు మళ్లీ చేరుతుంది, మళ్లీ తీసుకురావాలి. వచ్చిన ప్రతిసారీ బెడ్డు, పరీక్షలు, ఆల్బుమిన్ (రక్తంలోకి ఎక్కించే ప్రోటీన్) సీసాలు, పని మానుకుని పక్కన కూర్చునే భార్య. అతను తాగినదాని మీద పన్ను ఏనాడో ఖజానాకు చేరింది, ఖర్చయిపోయింది కూడా.

పొగ తాగడం వల్ల వచ్చే జబ్బుల వైద్యానికే 2012లో ప్రపంచ ఆరోగ్య వ్యయంలో 5.7 శాతం పోయిందని అంచనా. పోయిన పనిదినాలు, అకాల మరణాలు కూడా కలిపితే నష్టం ప్రపంచ జీడీపీలో 1.8 శాతం. మద్యం 2019లో 26 లక్షల మందిని బలి తీసుకుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది.

పొగతాగేవాళ్లు త్వరగా పోతారు కాబట్టి పింఛన్లు, వైద్యం ఖర్చు మిగులుతాయని చెక్ రిపబ్లిక్‌లో ఓ సిగరెట్ కంపెనీ నివేదికే రాయించింది. 2001లో అది బయటపడి జనం మండిపడ్డాక క్షమాపణ చెప్పుకుంది. మీ దగ్గర ఎవరైనా ఈ లెక్క తీస్తే దయచేసి వినకండి. మనుషుల చావును పొదుపు కింద రాసుకునే ఖజానా మనకొద్దు.

పన్ను తగ్గించమని నేను అడగడం లేదు, పెంచమంటున్నాను. పొగాకు ధర 10 శాతం పెరిగితే వాడకం సుమారు 4 నుంచి 5 శాతం తగ్గుతుంది, రాబడి మాత్రం సాధారణంగా పెరుగుతుంది. నా భయమల్లా అమ్మకాలు పెంచి రాబడి పెంచుకునే పద్ధతి గురించే. అధికారులకు అమ్మకాల టార్గెట్లు పెట్టి, మరోపక్క తాగొద్దని పోస్టర్లు వేస్తే ఎవరు నమ్ముతారు?

థాయ్‌లాండ్ 2001 నుంచి మద్యం, పొగాకు పన్ను మీద అదనంగా 2 శాతం వసూలు చేసి ఆరోగ్య ప్రచారానికే ఇస్తోంది. ఫిలిప్పీన్స్ 2012లో చట్టం చేసి, పెరిగిన రాబడిలో ఎక్కువ భాగాన్ని ప్రజారోగ్యానికి మళ్లించింది. మనమూ చేయొచ్చు.

వచ్చే బడ్జెట్‌లో ఈ రాబడి పక్కనే వైద్యం ఖర్చు, ప్రమాదాల ఖర్చు వేసిన పట్టిక పెట్టండి. అది సభ ముందుకు వచ్చేదాకా కొత్త మద్యం దుకాణాల లైసెన్సుల ఫైలు మీద సంతకం చేయకండి.

ఇట్లు,
పన్ను కట్టే ఒక పౌరుడు