బొటనవేలు నిలిచింది, అందరికీ దండాలు

చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేట్‌లో పవర్ ప్రెస్ (రేకును అచ్చు కొట్టే యంత్రం) కింద నలిగిన మావాడి కుడిచేతికి తెగిన బొటనవేలు తిరిగి దక్కింది. స్టాన్లీ ఆసుపత్రి చేతి శస్త్రచికిత్స విభాగానికి మొదటి దండం. ఆర్. వెంకటస్వామి గారు పునాది వేసిన విభాగం అది. కానీ వేలు ఆపరేషన్ బల్ల దాకా ప్రాణంతో చేరకపోతే డాక్టర్లు మాత్రం ఏం చేస్తారు?

నాయుడుపేట అన్నా, తెగిన వేలిని సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డలో చుట్టి, పాలిథిన్ కవర్లో కట్టి, ఆ కవరును ఐసునీళ్లలో పెట్టావు. చాలామంది వేలిని నేరుగా ఐసులో పడేస్తారు. కణాలు గడ్డకట్టి చచ్చాక ఇక అతికేదేముంది! వేలిలో కండ ఉండదు కనుక చల్లగా ఉంచితే 24 గంటల దాకా ఆశ. మణికట్టు దగ్గర తెగితే అంత టైముండదు. చేతికి తాడు బిగించకుండా గుడ్డతో అదిమి పైకెత్తి పట్టుకున్నదీ నువ్వే. నుజ్జయిన చూపుడువేలిని కూడా ఏరి తెచ్చావు చూడు, అది మరీ గొప్ప. ఆ వేలు ఎలాగూ నిలవదు, కానీ దాని చర్మంతోనే చేతి వెనక గాయం కప్పారు.

ప్రెస్ దెబ్బ కత్తికోతలాంటిది కాదు, రక్తనాళం లోపల చాలా దూరం చీలుతుంది. పాడైన మేర కోసేసి ముంజేతి సిర ముక్క వేశారు. ముందు ఎముకను నిలిపే సన్నని స్టీలు కడ్డీ (కె-వైరు), తర్వాత కండను ఎముకకు కలిపే టెండన్లు, ఆపైన మైక్రోస్కోపు కింద వెంట్రుక కన్నా సన్నని దారంతో ధమని, నరం, సిరలు.

గంటగంటకూ వేలి రంగు చూసిన నైట్ సిస్టర్లకు దండాలు. పాలిపోతే రక్తం లోపలికి రావట్లేదు, నీలం తిరిగితే బయటికి పోవట్లేదు. రెండో రోజు నీలం కనపడగానే రక్తం ఎండి బిగిసిన కట్టు విప్పించారు, రంగు తేరుకుంది. బీడీ అడిగితే ఇవ్వని టీకొట్టు తంబికీ థాంక్స్. పొగకు నాళం ముడుచుకుపోతుంది మరి.

ఫిజియో మేడమ్ చెప్పిన లెక్క: టెండన్ కుట్టు రెండో వారంలోనే బాగా బలహీనం, బరువు పని 12 వారాల దాకా వద్దు. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే పెరుగుతుంది, అందాకా స్పర్శ తెలియదు కనుక వేడి గ్లాసు ఆ చేత్తో పట్టకూడదు. కార్మికుల బీమా ఈఎస్ఐకి యాక్సిడెంట్ రిపోర్టు అదే రోజు పంపిన సూపర్‌వైజర్ గారి వల్ల కూలీ డబ్బుకు ఇబ్బంది రాలేదు.

ఐసు పెట్టిన స్టీలు క్యారేజీ మెస్ అక్కదట. కడిగి ఉంచాం అక్కా, ఆదివారం తెచ్చిస్తాం.