కథలు రాసే మన సహవాసం: సభ్యులకు ఈ ఏటి వార్షిక నివేదిక

అక్కలకు, అన్నలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ప్రభువు పేరిట వందనాలు.

కార్యదర్శి నివేదిక అంటే ఎన్నిసార్లు కూడుకున్నాం, ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది అని మూడు ముక్కల్లో అయిపోతుంది. ఆ లెక్కలు తర్వాత చెప్తాను. ముందు ఈ ఏడాది ఆ మేడ మీది గదిలో మన మధ్య ఏం జరిగిందో కాస్త వివరంగా రాయాలనుంది, ఎందుకంటే మధ్యలో రాలేకపోయిన వాళ్ళు "ఏం చదివారక్కా, ఎవరేమన్నారు" అని ఫోన్లు చేస్తూనే ఉన్నారు, అవి ఫోన్లో చెప్తే తెమిలే మాటలు కావు.

పన్నెండు రెండో శనివారాల్లో పదకొండు కూడుకున్నాం. అక్టోబర్‌ది వానలకి తప్పిపోయింది. ఒంగోలు వాళ్ళం సగం మందిమి, మిగతా వాళ్ళు కందుకూరు, పొదిలి, కనిగిరి, సింగరాయకొండ నుంచి, ముగ్గురు నెల్లూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వస్తున్నారు. పద్ధతి పాతదే. చిన్న ప్రార్థన, తర్వాత రాసిన వాళ్ళు పైకి చదవడం, చదివేటప్పుడు ఎవరూ అడ్డు రాకపోవడం, చదివాక మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడడం. ఈ చివరిది మనకి ఒక్క రోజులో రాలేదు. క్రైస్తవ సంఘంలో పుట్టి పెరిగిన వాళ్ళం, ఎవరేం చదివినా "దేవునికి స్తోత్రం, చాలా బాగుంది" అనేస్తాం. ప్రేమతోనే అంటాం, కానీ కథకి దాని వల్ల మేలేమీ జరగదు.

మార్చి కూడిక గురించి తప్పకుండా చెప్పాలి. నర్సమ్మగా రిటైరైన మన అక్క ఆ రోజు 'పిడికెడు బియ్యం' మీద కథ చదివింది. మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే, ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాలో వేసి, ఆదివారం సంచిలో పోసుకుని మందిరానికి తీసుకెళ్తాం. కథలో తల్లి పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళే కూలి మనిషి. సీజన్ అయిపోయింది, పని లేదు, ఇంట్లో గింజ లేదు, ఉన్నదల్లా ఆ డబ్బాలో దేవుడి కోసం తీసిపెట్టిన బియ్యమే. పాప ఏడుస్తుంటే తల్లి ఆ డబ్బా మూత తీస్తుంది. అంతవరకు గదిలో ఎవరూ కదల్లేదు. ఆ తర్వాత కథలో తెల్లారేసరికి గుమ్మంలో బియ్యం బస్తా ఉంటుంది, ఎవరు పెట్టారో తెలియదు, తల్లి మోకాళ్ళూని స్తుతిస్తుంది, అయిపోయింది.

కనిగిరి తమ్ముడు కాసేపాగి అన్నాడు: "అక్కా, మా ఇంట్లో ఆ డబ్బా చాలాసార్లు ఖాళీ అయింది. బస్తా ఎప్పుడూ రాలేదు. అయినా మా అమ్మ మందిరం మానలేదు. నువ్వు మా అమ్మ కథ రాయక్కా."

అక్క నోట్‌బుక్ మూసి బ్యాగులో పెట్టుకుంది. ఏప్రిల్‌లో రాలేదు. ఇక రాదేమోనని నాకు చాలా టెన్షన్ పట్టుకుంది, రెండుసార్లు వాళ్ళింటికి కూడా వెళ్ళొచ్చాను. మేలో వచ్చింది, కథ తిరగరాసుకుని. ఇప్పుడు బస్తా లేదు. పాప తన చిన్న చేత్తో డబ్బాలోంచి మూడు పిడికిళ్ళు తీస్తుంది, తల్లి చూస్తూ ఊరుకుంటుంది, ఆ రాత్రి గంజి కాస్తారు. నాలుగు నెలల తర్వాత మళ్ళీ పని దొరికి మొదటి కూలి చేతికొచ్చిన రోజున తల్లి ఆ మూడు పిడికిళ్ళూ తిరిగి పోస్తుంది. పాప పిడికిలితో తీసింది, తన పిడికిలితో పోసింది. ఆ తేడా గురించి అక్క ఒక్క వాక్యం కూడా రాయలేదు, పోయడం మాత్రం చూపించి వదిలేసింది. అది విన్నాక మాట్లాడ్డానికి మా ఎవరికీ నోరు రాలేదు, ఎవరో లేచి కిటికీ తెరిచారు.

దేవుడు బస్తాలు పంపడని నేను అనడం లేదు. మనలో అలాంటి సాక్ష్యాలు, అంటే దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకునే అనుభవాలు, ఉన్న వాళ్ళు ఉన్నారు, నేనూ ఒకదాన్ని. కానీ సాక్ష్యంలో బస్తా పంపేది దేవుడు, కథలో పంపేది మనమే, చదివే వాడికి ఆ సంగతి తెలిసిపోతుంది. ఈ ఒక్క మాట మీద మేలో రెండు గంటలు మాట్లాడుకున్నాం, ఇంకా తేలలేదు. కందుకూరు అన్న ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు, "ఆశ లేని కథ మనం రాయకూడదు" అంటున్నారు. ఆయన మాటలో కూడా నిజముంది.

జూలైలో గదిలో కూర్చోకుండా రెండు ఆటోలు మాట్లాడుకుని గుండ్లకమ్మ ఒడ్డుకి, అక్కణ్ణించి బకింగ్‌హామ్ కాలవ దగ్గరికి వెళ్ళాం. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్న మన చెల్లి నవల రాస్తోంది కదా, దాని కోసం. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో ఒంగోలు అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ దొర కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టుకి తీసుకుని, ఆకలితో ఉన్న వాళ్ళకి కూలి ఇప్పించిన సంగతి మనమంతా చిన్నప్పటి నుంచి విన్నదే. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు సాయం నడిచినంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. అదంతా అయ్యాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారు, ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళల్లో దిగి. ఆ అంకె మన పిల్లలు కూడా తడుముకోకుండా చెప్తారు. ఆ 2,222 మందిలో ఒక్క ఆడమనిషి పేరు చెప్పమంటే మాత్రం మనలో ఎవరికీ రాలేదు. ఒంగోలు ప్రార్థన కొండ మీద 1854 జనవరి 1 తెల్లవారుజామున మిషనరీలతో కలిసి ప్రార్థనకి మోకరించిన ఐదుగురిలో జూలియా అనే ఆడమనిషి పేరైనా నిలిచింది. మట్టి తట్టలు మోసిన వాళ్ళ పేర్లు మన నోటి దాకా రాలేదు.

చెల్లికి వాళ్ళ నాయనమ్మ చెప్పింది ఒక్క ముక్కే, "మా అవ్వోళ్ళ అవ్వ కాలవ తవ్విందంట." అంతే. ఊరు తెలియదు, పేరు తెలియదు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఆ పిల్ల ఇప్పటికి ఐదు అధ్యాయాలు రాసింది. నాలుగోది కాలవ కట్ట మీద నిలబడి చదివింది, గాలికి కాగితాలు ఎగురుతుంటే సింగరాయకొండ అక్క ఒక అంచు పట్టుకుంది. అందులో ఆ అవ్వ తట్ట కింద పెట్టుకునే చుట్టకుదురు ఉంది, పాత చీర పేలికతో చుట్టింది. కాలవ పని అయిపోయినా దాన్ని పారేయదు. బాప్తిస్మం రోజున చేత్తో పట్టుకునే ఏటి దాకా వస్తుంది, నీళ్ళల్లో దిగేటప్పుడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఒడ్డున అటూ ఇటూ చూస్తుంది. ఇది ఏ దొర ఉత్తరంలోనూ దొరకదు. మనం కథలు ఎందుకు రాస్తున్నామని అడిగే వాళ్ళకి నేను ఇకమీదట ఆ పేజీ చూపిస్తాను.

అడిగే వాళ్ళు ఉన్నారు కాబట్టే చెప్తున్నాను. ఈ ఏడాది మన సభ్యుడొకరు తన సంఘంలో యువకుల కూడికలో కథ చదవబోతే, కల్పించి రాసింది అబద్ధం కిందికే వస్తుంది, ఇక్కడ వద్దు అన్నారట. ఆ తమ్ముడు బాగా కుంగిపోయాడు. ఆగస్టులో మనం అతని కోసమే బైబిల్లో రెండో సమూయేలు 12వ అధ్యాయం తెరిచాం. నాతాను ప్రవక్త దావీదు రాజు దగ్గరికి వెళ్ళి అతని తప్పు నేరుగా చెప్పలేదు, బీదవాడి గొర్రెపిల్లని ధనవంతుడు లాక్కున్న కథ చెప్పాడు. ఆ గొర్రెపిల్ల లేదు, ఆ బీదవాడూ లేడు, కానీ రాజుకి వచ్చిన కోపం నిజం, ఆ కోపమే తిరిగి వచ్చి అతనికి తగిలింది. న్యాయాధిపతులు 9లో యోతాము చెప్పిన చెట్ల కథ కూడా చదివాం. మన ప్రభువు చెప్పిన తప్పిపోయిన కుమారుడి సంగతి సరే, ఆ ఊరేదని, ఆ తండ్రి పేరేమిటని ఎవరూ అడగరు. ఆ తమ్ముడు వాళ్ళ పాస్టరయ్యతో గొడవ పడకుండా ఈ మూడూ చూపించి మాట్లాడాడు. క్రిస్మస్‌కి నాటిక రాయమన్నారు. రాశాడు, వేశారు.

సెప్టెంబర్‌లో నెల్లూరు అన్న మన ముందు నడిచిన వాళ్ళ గురించి గంటసేపు చెప్పారు. మరాఠీలో 1857లోనే విధవల బాధ మీద నవల రాసిన బాబా పద్మన్‌జీ, మాయవరంలో మునసబు కోర్టు జడ్జిగా చేసి 1879లో తమిళంలో మొదటి నవల వేసిన వేదనాయగం పిళ్ళై, 1887, 88ల్లో మద్రాసు పత్రికలో తన జీవితాన్నే ఇంగ్లీషు నవలగా రాసి ముప్ఫై రెండేళ్ళకే కన్నుమూసిన కృపాబాయి సత్యనాథన్, ముగ్గురూ విశ్వాసులే. పద్యంలో మనకి వినుకొండ జాషువా గారు ఉండనే ఉన్నారు, 1964లో ఆయనకి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది క్రీస్తు చరిత్రకే. రాసుకునే వాళ్ళం మనమే, మనకెవరూ లేరు అనుకుని తిరిగే నాలాంటి వాళ్ళకి ఆ గంట ఎంతో బలమిచ్చింది.

ఇక నా విషయం. చెప్పకూడదనుకున్నాను, కానీ నవంబర్‌లో మనం చేసిన తీర్మానానికి కారణం అదే కాబట్టి చెప్పక తప్పదు. నేను మా ఎదురింటి పిన్ని మీద ఒక కథ రాశాను. పిన్ని రోజూ దీపం పెట్టుకునే మనిషి, మా ఆయనకి ఆపరేషన్ అయిన రాత్రి ఆసుపత్రి వరండాలో నాతో పాటు తెల్లవార్లూ కూర్చుంది, తన దేవుడికి తను మొక్కుకుంది, నేను ప్రార్థన చేసుకుంటుంటే కళ్ళు మూసుకుని ఆమెన్ కూడా అంది. కథ అంతే. ఒక పత్రికకి పంపితే వేశారు, కానీ చివర్లో పిన్ని మా మందిరానికి వచ్చి మారుమనస్సు పొందినట్టు పది లైన్లు కలిపి వేశారు. నన్ను అడగలేదు. పిన్ని పత్రిక తెమ్మని రోజూ అడిగేది. ఆ పేజీ ఆమెకి ఎలా చూపించను? చివరికి నా చేతిరాత కాపీ తీసుకెళ్ళి వాళ్ళ వంటింట్లో కూర్చుని చదివి వినిపించాను. విని "నేను ఆమెన్ అన్నది కూడా రాశావా" అని నవ్వింది. మారుమనస్సు నాకు చిన్న విషయం కాదు, పిన్ని కోసం నేను రోజూ ప్రార్థిస్తాను, కానీ జరగనిది జరిగినట్టు ఆమె పేరు మీద వేస్తే అది ఆమె స్నేహానికి ద్రోహం.

నవంబర్‌లో దీని మీద అందరం కూర్చుని పత్రికకి ఉత్తరం రాశాం. నేను రాసిన మొదటి ఉత్తరం కోపంగా ఉందని నెల్లూరు అన్న మూడుసార్లు మార్పించారు. జవాబు ఇంకా రాలేదు. తీర్మానం ఏమిటంటే, ఇకమీదట మన సభ్యులెవరు కథ పంపినా "ముగింపు మార్చే ముందు మమ్మల్ని అడగండి" అని మొదటి పేజీ పైన రాయాలి. అందరూ చేతులెత్తారు.

లెక్కలు: సభ్యులం 23 మందిమి, చందా 500 చొప్పున కట్టిన వాళ్ళు 18 మంది, 9,000 రూపాయలు. కానుకలు 3,200. మొత్తం 12,200. జిరాక్సులకి, డీటీపీకి 4,650, ఏడాది పొడుగునా టీలకి 2,900, జూలై ప్రయాణానికి, భోజనాలకి 3,100. మిగిలింది 1,550. చందా కట్టలేని వాళ్ళు దాని వల్ల రావడం మానొద్దు, దయచేసి. కార్యవర్గం పాతదే కొనసాగుతుంది, కోశాధికారిగా మాత్రం పొదిలి తమ్ముడు ఒప్పుకున్నాడు.

డిసెంబర్ మొదటి వారంలో మన పెద్దాయన ప్రభువు నందు నిద్రించారు. బళ్ళో తెలుగు చెప్పి రిటైరైన మనిషి, చీమకుర్తి రాతి క్వారీల్లో పని చేసే అన్నదమ్ముల మీద ఒకే నవల ఎన్నో ఏళ్ళుగా రాస్తూ వచ్చారు. ప్రతి నెలా రెండు పేజీలు తెచ్చి చదివేవారు, మనం చెప్పింది విని, ఇంటికెళ్ళి ఆ రెండూ కొట్టేసి మళ్ళీ రాసేవారు. భూస్థాపనకి మనవాళ్ళు పదహారు మంది వెళ్ళాం. మూడో రోజు కూడికయ్యాక అమ్మగారు ఆయన లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా చేతిలో పెట్టారు. చివరి పేజీలో తమ్ముడు చాలా ఏళ్ళకి అన్న ఇంటికి వస్తాడు. ఆఖరి వాక్యం ఇలా ఉంది: "వాడు తలుపు తట్టాడు, లోపలి నుంచి" అంతే, తర్వాత ఖాళీ. ఎవరైనా పూర్తి చేద్దామా అన్న మాట డిసెంబర్ కూడికలో వచ్చింది. చాలాసేపు మాట్లాడుకుని, వద్దు, అలాగే ఉంచుదాం అనుకున్నాం. అన్న తలుపు తీశాడో లేదో ఆయనకే తెలుసు.

మిగిలిన 1,550తో ఆ నోట్‌బుక్ మొత్తం టైప్ చేయించి ముందు ఒకే ఒక్క కాపీ తీయిస్తున్నాం, అమ్మగారికి చూపు ఆనడం లేదు కాబట్టి పెద్దక్షరాల్లో. వచ్చే రెండో శనివారం కూడిక అయ్యాక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి ఇచ్చి, మొదటి అధ్యాయం చదివి వినిపించి వస్తాం. రావాలనుకునే వాళ్ళు నాకు ముందే చెప్పండి, అమ్మగారు ఎంతమందికి టీ పెట్టాలని అడుగుతున్నారు.