పిల్లలు తప్పిపోతే ఎవరిని అడగాలి: దసరా సెలవుల తర్వాత తల్లిదండ్రులకు ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

బడి తెరిచిన రోజు నుంచి గేటు దగ్గరా, క్లాసుల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే మాట నడుస్తోంది కాబట్టి నేరుగా దానికే వస్తాను. సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర మన రెండో తరగతి పాప ఒకరు జనంలో తప్పిపోయి, కాసేపటికి క్షేమంగా తల్లిదండ్రుల్ని చేరుకుంది. అది నిజం. "తెలియనివాళ్లతో మాట్లాడమని బడిలోనే నేర్పిస్తున్నారట" అని కొందరు కోపంగా అంటున్న మాట కూడా నిజమే. నేర్పిస్తున్నాం, ఇకముందూ నేర్పిస్తాం.

ముందు ఆ పాప ఏం చేసిందో వినండి. అమ్మ కనబడలేదని తెలియగానే అటూ ఇటూ పరుగెత్తలేదు, ఉన్నచోటే నిలబడింది. బతుకమ్మ ఆడేచోట "అమ్మా" అని అరిస్తే చుట్టూ ఉన్న తల్లులంతా తిరిగి చూస్తారు. అందుకని వాళ్లమ్మను ఇంటిపేరుతో సహా పిలిచింది. డీజే చప్పుడులో అది వినబడకపోయేసరికి, ఇద్దరు చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకున్న ఒకావిడను తనే చూసుకుని వెళ్లి, "ఆంటీ, నేను తప్పిపోయాను, మా అమ్మకు ఫోన్ చేయండి" అని నంబరు చెప్పింది. అమ్మ ఫోన్ ఎత్తలేదు. నాన్న నంబరు చెప్పింది. ఈలోగా ఇంకెవరో వచ్చి "దా బిడ్డా, రోడ్డు దాకా తోలుకపోతా" అని చెయ్యి పట్టుకోబోతే, "మా నాన్న ఇక్కడికే వస్తున్నాడు, నేను ఎక్కడికీ రాను" అందట. ఏడేళ్ల పిల్ల! ఇంట్లోవాళ్లు వద్దన్నారు కాబట్టి పేరు రాయడం లేదు గానీ, ప్రార్థన సమయంలో బడంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో నావి కూడా ఉన్నాయి.

"కొత్తవాళ్లతో మాట్లాడొద్దు" అని ఒక్క ముక్క చెప్పి పంపిస్తే మన బాధ్యత తీరిపోదండీ. తప్పిపోయిన పిల్లకు చుట్టూ ఉన్నవాళ్లంతా కొత్తవాళ్లే. ఎవరితోనూ మాట్లాడకూడదనుకున్న పిల్ల ఏ బండి వెనకాలో నక్కి కూర్చుంటుంది, పోలీసులు పేరుపెట్టి పిలిచినా పలకదు. లేదంటే ముందుగా ఎవరొచ్చి చెయ్యి పట్టుకుంటే వాళ్ల వెంట పోతుంది. అందుకే మేం నేర్పేది ఇది: సాయం చేసే మనిషిని నువ్వే వెతుక్కో. పిల్ల తనంతట తాను వెళ్లి అడిగిన మనిషి చెడ్డవాడయ్యే అవకాశం చాలా తక్కువ. ఎవరూ అడగకుండా పిల్లను వెతుక్కుంటూ వచ్చేవాడి దగ్గరే జాగ్రత్త అవసరం. పిల్లలతో ఉన్న తల్లి, దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవాళ్లు, యూనిఫారంలో ఉన్న పోలీసు, బస్టాండులో ఆర్టీసీ వాళ్లు, రైల్వే స్టేషన్‌లో ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లు. వీళ్లను ఫోన్ చేయమని అడగాలి, వీళ్ల వెంట కూడా వేరేచోటికి పోకూడదు. పెద్దవాళ్లకు సాయం కావాలంటే పెద్దవాళ్లనే అడుగుతారు. "కుక్కపిల్ల తప్పిపోయింది, వెతుకుదాం రా" అని ఐదేళ్ల పిల్లవాడిని పిలిచే మనిషి దగ్గర నిలబడనే కూడదు. "మీ అమ్మకు చెప్పకు" అన్నది ఎవరైనా సరే, ఇంటికి రాగానే అమ్మకు చెప్పాలి.

ఎవరైనా సరే అన్నాను, గమనించండి. పిల్లలపై లైంగిక నేరాలను అడ్డుకునే పోక్సో చట్టం 2012లో వచ్చింది. ఆ చట్టం కింద నమోదయ్యే అత్యాచార కేసుల్లో 90 శాతానికి పైగా నిందితులు పిల్లలకు తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. బంధువులు, ఇరుగుపొరుగు, ఇంటికి వచ్చిపోయేవాళ్లు. అందుకే, చుట్టాలు వచ్చినప్పుడు "అంకుల్‌కు ముద్దు పెట్టు" అని పిల్లను ముందుకు తోయకండని ఎంతో మర్యాదగా మరోసారి మనవి చేస్తున్నాను. పిల్లకు ఇష్టం లేకపోతే నమస్తే చాలు. వచ్చినవాళ్లు చిన్నబుచ్చుకుంటారనే బెంగ పెద్దలుగా మీరే పడండి. అలాగే, అన్నం తినకపోతే పోలీసుకు పట్టిస్తామని, బూచోడు ఎత్తుకుపోతాడని బెదిరించడం దయచేసి మానండి. పోలీసును అడగమని మేం బడిలో చెబుతుంటే, పిల్లలు పోలీసు అనగానే టీచరు వెనకాల దాక్కుంటున్నారు. ఇంకొకటి. ఒకటో తరగతిలో దాదాపు అందరికీ అమ్మ ఫోన్ లాక్ ఎలా తీయాలో తెలుసు. అమ్మ నంబరు మాత్రం సగంమందికి రాదు.

ఈ లోటు చూసి మా ఐదో తరగతి ఆడపిల్లలు చేసిన పని చెప్పకుండా ఉండలేను. సెలవులకు ముందు ఒకటి, రెండు తరగతుల పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టి, ఎవరింటి నంబరు వాళ్లకు "ఉయ్యాలో" వరసలో కట్టి పాడించారు. చివరన 1098 కూడా చేర్చారు. ఆపదలో ఉన్న ఏ పిల్లలకైనా రాత్రీ పగలూ పలికే నంబరది. మన పాప పద్మాక్షి గుట్ట దగ్గర చెప్పిన రెండు నంబర్లూ ఈ పాటలో నేర్చుకున్నవే. నాలుగో తరగతి అబ్బాయి సంగతి కూడా విన్నారేమో, రహస్య మాట (పిల్లల్ని తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు చెప్పాల్సిన, ఇంట్లోవాళ్లకే తెలిసిన మాట) చెప్పలేదని సొంత బాబాయి బండే ఎక్కలేదు. బాబాయిగారు గేటు దగ్గర కోప్పడ్డారు, నా గదిలోకి వచ్చి కూడా కోప్పడ్డారు. అయ్యా, మీ అబ్బాయి బంగారం. వాణ్ని ఏమీ అనకండి.

పాప సంగతి తెలిసిన రాత్రే "పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠా దిగింది" అన్న ఆడియో ఒకటి మూడు క్లాసుల గ్రూపుల్లోకి వచ్చింది. అందులో ఊరి పేరు లేదు, తేదీ లేదు. 2018లో ఇలాంటి అబద్ధపు మెసేజ్‌లు నమ్మి మన రాష్ట్రంలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ జనం అమాయకుల్ని చావగొట్టారు. ఆ ఏడాదే వాట్సాప్ మన దేశంలో ఫార్వర్డ్‌లను ఒకసారికి ఐదు చాట్‌లకు కట్టడి చేయాల్సి వచ్చింది. అనుమానం ఉంటే 112కు ఫోన్ చేయండి, గ్రూపులో పెట్టకండి. యూనిఫారంలో పిల్లల రీల్స్ పెట్టి, బడి పేరు, ఇంటికి వెళ్లే వేళ ఊరందరికీ చూపించడం కూడా ఆపండి.

మిగతావి: ఎస్ఏ-1 పరీక్ష పేపర్లు సోమవారం ఇంటికి వస్తాయి, సంతకం చేసి పంపండి, రెండో విడత ఫీజు ఈ నెలాఖరుకు, చలి మొదలైతే స్వెటర్ ఏ రంగుదైనా ఫర్వాలేదు.

ఈ ఉత్తరంతో ఒక కాగితం జతచేశాం. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్ల పేర్లు, ఇప్పుడు పనిచేస్తున్న రెండు ఫోన్ నంబర్లు, మీ ఇంటి రహస్య మాట రాసి, మూసిన కవరులో క్లాస్ టీచరుకే ఇవ్వండి. ఆటో అన్నతో పంపకండి. శుక్రవారం తర్వాత, ఆ కాగితంలో పేరు లేనివాళ్లతో ఏ పిల్లనూ పంపించం, వచ్చింది మేనమామే అయినా సరే.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు