పసిపిల్లల మెడను టక్కుమనిపించకండి

సంపాదకులకు,

ఆర్యా,

మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, మెడ ఒక్క ఊపున తిప్పి, టక్కుమనిపించి లేపే వీడియోలు ఇప్పుడు ఏ ఫోనులో చూసినా కనబడుతున్నాయి. అవి చూసి "మా పాప రాత్రంతా ఏడుస్తోంది, వెన్ను సర్దిస్తే తగ్గుతుందా?", "బాబు తల ఒక పక్కకే వాల్చేస్తున్నాడు, మెడ తిప్పిస్తే చక్కబడుతుందా?" అని తల్లిదండ్రులు అడుగుతున్నారు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబులున్నాయి. అవి మన గోదావరి జిల్లాల ఇళ్లకు చేరాలనే ఈ ఉత్తరం.

ఆ వైద్యం పేరు కైరోప్రాక్టిక్. 1895లో అమెరికాలో, అయోవా రాష్ట్రంలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డి.డి. పామర్ అనే ఆయన దాన్ని మొదలుపెట్టాడు. వెన్నుపూసలు కాస్త పక్కకు జరిగి నరాలు నొక్కుకుపోవడం వల్లే చాలా జబ్బులు వస్తాయని ఆయన నమ్మాడు. ఆ నమ్మకం తర్వాతి పరిశోధన ముందు నిలవలేదు. పెద్దల నడుం నొప్పికి మాత్రం ఈ చేతివైద్యం వల్ల మిగతా పద్ధతులతో వచ్చేంత ఉపశమనం వస్తుంది, కాదనలేం. ఇక ఆ చప్పుడు సంగతి. పూస తన చోటికి చేరితే వచ్చే చప్పుడు కాదది. కీలు లోపలి ద్రవంలో ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి వాయువు చేరినప్పుడు వస్తుంది. మెటికలు విరిచినప్పుడు వినబడేదీ అదే. మెటిక విరిగితే వేలి జబ్బు పోయిందని ఎవరూ అనుకోరు కదా.

పసిబిడ్డ వెన్ను తీరు వేరు. పుట్టినప్పుడు అది పైనుంచి కింద దాకా ఒకే వంపుతో కొడవలిలా ఉంటుంది. 3, 4 నెలలకు మెడ నిలిచేటప్పుడు మెడ దగ్గర, కూర్చుని నిలబడేటప్పుడు నడుం దగ్గర ఎదురు వంపులు తయారవుతాయి. పూసల్లో చాలా భాగం ఇంకా చెవి దొప్పలాంటి మెత్తటి ఎముకే. పూసలను కట్టి ఉంచే లిగమెంట్లు వదులుగా ఉంటాయి, వాటి మీద ఒంటికి మించిన తల ఉంటుంది. మెడలో రెండో పూస మీద పంటిలా నిలిచే ముక్క తన పూసతో అతుక్కునేదే 3 నుంచి 6 ఏళ్ల మధ్య. అలాంటి మెడకు పెద్దవాళ్లకు ఇచ్చే ఊపు ఇవ్వకూడదు. కైరోప్రాక్టర్లకు చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ ఉన్న ఆస్ట్రేలియాలోనే 2019లో వారి బోర్డు, 2 ఏళ్ల లోపు పిల్లల వెన్నుకు ఇలాంటి వైద్యం చేయొద్దని తన సభ్యులకు చెప్పింది. అదే ఏడు విక్టోరియా రాష్ట్రం జరిపించిన సమీక్షలో పిల్లలకు తీవ్రమైన హాని జరిగిన సందర్భాలు చాలా తక్కువే దొరికాయి, కానీ మేలు జరిగిందనే గట్టి ఆధారమూ దొరకలేదు. మేలు తేలనప్పుడు కొద్దిపాటి ప్రమాదానికి కూడా బిడ్డను అప్పగించనక్కర్లేదు.

పిల్లలకు మెత్తగా చేస్తామనే వాళ్లూ ఉన్నారు. వాళ్లు ఊపు ఇవ్వరు. సపోటా మాగిందో లేదో చూసినట్టు వేలి కొసతో కొన్ని సెకన్లు ఒత్తి వదులుతారు. ఆ స్పర్శతో హాని అరుదు. దేనికి పనిచేస్తుందన్నదే ప్రశ్న. ముఖ్యంగా ఏడుపు పిల్లల సంగతి చూడండి. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రోజుకు 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి ఏడవడాన్ని కోలిక్ అంటారు. ఈ ఏడుపు 6 వారాల వయసులో బాగా పెరిగి, 3, 4 నెలలకు దానంతటదే తగ్గిపోతుంది. ఏడుపు ముదిరినప్పుడే తీసుకెళ్తాం కాబట్టి, ఆ తర్వాత ఏం చేయించినా దాని వల్లే తగ్గినట్టు కనబడుతుంది. 2012లో 325 మంది శిశువులతో జరిగిన 6 అధ్యయనాలను కలిపి చూసినా తేల్చి చెప్పేంత బలం రాలేదు. బిడ్డకు ఏం చేశారో తెలిసిన తల్లిదండ్రులే ఏడుపు గంటలు లెక్కపెట్టడం అందులో పెద్ద లోటు.

ఏడుస్తున్న బిడ్డను ఎక్కడికో తీసుకెళ్లే ముందు బట్టలన్నీ విప్పి, దీపం వెలుగులో తల నుంచి కాలి దాకా చూడండి. మొలతాడు బిగుసుకుందా, కాలి వేలికో చేతి వేలికో వెంట్రుక చుట్టుకుని వేలు వాచిందా, గజ్జల్లో ఉబ్బు ఉందా. బాలింతలకు జుట్టు ఊడే రోజులు కాబట్టి వెంట్రుక చుట్టుకోవడం నిజంగా జరుగుతుంది, ఆలస్యమైతే వేలికే ప్రమాదం. 3 నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా, ఆకుపచ్చ వాంతి అయినా, పాలు మానేసి మగతగా ఉన్నా అదే గంటలో ఆస్పత్రికి వెళ్లాలి.

మెత్తటి చేతివైద్యం మనకు కొత్త కాదు. అమ్మమ్మ కాళ్లు చాపుకుని, బిడ్డను వాటి మీద వేసుకుని, నూనె రాసి, సున్నిపిండితో నలిచి నీళ్లు పోయడం అదే. అందులో మంచి చాలా ఉంది. దాన్ని ఉంచుకుని నాలుగు పనులు మానేస్తే చాలు. తల గుండ్రంగా రావాలని పుర్రె ఒత్తొద్దు. ముక్కులో, చెవిలో నూనె వేయొద్దు, ఊదొద్దు. పుట్టిన బిడ్డ రొమ్ములు ఉబ్బితే పిండొద్దు, చీము పడుతుంది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయొద్దు. నూనె చేతుల్లో బిడ్డ జారిపోవడం చాలా తేలిక. పాలు తాగిన ముప్పావు గంట తర్వాత, గోరువెచ్చని నూనెతో, 10 నుంచి 15 నిమిషాలు, చర్మం ఎర్రబడనంత ఒత్తిడితో మర్దన చేస్తే చాలు. స్నానం అయ్యాక రెండు కాళ్లూ చాపించి గుడ్డలో బిగించి చుట్టేస్తే తుంటి కీలు గిన్నెలో సరిగ్గా కూర్చోదు. మోకాళ్లు మడిచి, కాళ్లు ఎడంగా కదిలేలా చుట్టాలి. కాళ్లు చెరో వైపు వచ్చేలా చంకనెత్తుకునే మన అలవాటు తుంటికి చాలా మంచిది, దాన్ని వదలొద్దు.

పడుకోబెట్టేది వెల్లకిలా. మెలకువగా ఉన్నప్పుడు మాత్రం మొదటి వారాల నుంచే పెద్దవాళ్లు పక్కనుండి బోర్లా వేయాలి. రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి 3 నుంచి 5 నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలి. మెడను, వెన్నును నిలబెట్టేది ఈ కసరత్తే. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగేస్తే అరిసెలు పంచే ఇళ్లు మనవి. ఆ పండగలే మంచి కొలబద్దలు. మెడ 4 నెలలకు నిలవకపోయినా, 9 నెలలకు సొంతంగా కూర్చోకపోయినా, 18 నెలలకు అడుగు వేయకపోయినా పిల్లల డాక్టరుకు చూపించాలి.

ఇప్పుడు తల వాల్చే బిడ్డ గురించి. ఇక్కడ ఆలస్యం, తొందర రెండూ నష్టం చేస్తాయి కాబట్టి వివరంగా చెబుతున్నాం. చెవి వెనక నుంచి రొమ్ము ఎముక దాకా మెడకు చెరో పక్క ఒక కండ దిగుతుంది. కడుపులో ఇరుకుగా ఉండడం వల్లో, కాన్పు కష్టమవడం వల్లో అది కొందరు పిల్లల్లో ఒక పక్క పొట్టిబడుతుంది. కుడి కండ బిగిస్తే తల కుడి భుజం మీదికి వాలి గడ్డం ఎడమకు తిరుగుతుంది. 2 నుంచి 4 వారాల వయసులో ఆ కండలో చిన్న ఉసిరికాయంత గట్టి గడ్డ తగలొచ్చు. అది ప్రమాదకరమైన కంతి కాదు, నెలల్లో కరిగిపోతుంది. ఎప్పుడూ ఒకే వైపు పడుకోవడంతో తల వెనక ఒక పక్క చదునవుతుంది.

ముందు డాక్టరు చూసి ఇది కండ బిగువేనా, పూసలో పుట్టు లోపమా, కంటి దోషమా అని తేల్చాలి. తుంటి కూడా చూడాలి, ఈ రెండూ కలిసి రావడం ఉంది. కండ బిగువేనని తేలాక సాగదీత నేర్చుకోవాలి. బిగువు కుడి పక్కదైతే ఒకరు కుడి భుజాన్ని మెల్లగా కిందికి ఆపి ఉంచాలి. ఇంకొకరు తలను అరచేతుల్లో ఉంచుకుని ఎడమ చెవిని ఎడమ భుజం వైపు తీసుకెళ్లి, బిగువు తగిలిన చోట ఆగి, 10 నుంచి 30 సెకన్లు ఉంచి వదలాలి. తర్వాత విడిగా, గడ్డాన్ని కుడి భుజం వైపు అలాగే తిప్పి ఆపాలి. మూడేసి సార్లు, రోజుకు నాలుగైదు విడతలు. బిడ్డ ఎదురు తిరిగితే ఆపేయాలి, మొహం రంగు మారినా, ఊపిరి తడబడినా వెంటనే వదిలేయాలి. మొదటి వారం ఫిజియోథెరపిస్టు ఎదుట చేసి చూపించి, ఆ తర్వాతే ఇంట్లో చేయాలి. దీనితోపాటు ఉయ్యాలను, మంచాన్ని మార్చి పెట్టండి. కిటికీ వెలుగు, అమ్మ గొంతు, ఆటబొమ్మ అన్నీ బిడ్డ తిరగని వైపే ఉండాలి. నెల లోపు మొదలుపెడితే చాలామందికి నెలన్నరలో సర్దుకుంటుంది. 6 నెలలు దాటాక మొదలుపెడితే 9, 10 నెలలు పట్టొచ్చు. ఇందులో ఎక్కడా టక్కుమనే చప్పుడు అవసరం లేదు.

దీనికి పూర్తిగా వేరైన పరిస్థితి ఇంకొకటుంది. బాగా ఆడుకునే 4, 5 ఏళ్ల బిడ్డకు గొంతు నొప్పో జలుబో చేసిన కొన్ని రోజులకు మెడ ఒక పక్కకు పట్టేసి, తిప్పబోతే కేకలు పెడతాడు. జ్వరం ఉంటే గొంతు వెనక చీము చేరి ఉండొచ్చు, లేదా మెడలో మొదటి రెండు పూసలు పక్కకు తిరిగి ఇరుక్కుని ఉండొచ్చు. ఆ మెడను సెలూన్‌లోనో, ఇంటి పక్క బెణుకు పట్టే పెద్దమనిషి దగ్గరో తిప్పిస్తే వెన్నుపాము నొక్కుకుపోయే ప్రమాదం ఉంది. మెడను ఉన్నచోటే ఉంచి ఆస్పత్రికి తీసుకెళ్లాలి. డౌన్ సిండ్రోమ్ అనే పుట్టు జన్యులోపం ఉన్న పిల్లల్లో 10 నుంచి 20 శాతం మందికి ఆ రెండు పూసల మధ్య కట్టు వదులుగా ఉంటుంది. వాళ్ల మెడకు ఎవరూ ఎప్పుడూ ఊపు ఇవ్వకూడదు.

1 నుంచి 4 ఏళ్ల పిల్లలకు మరో సంగతి. గోదావరి దాటే పంటు ఎక్కేటప్పుడో, బస్సు దిగేటప్పుడో ఒక్క చెయ్యి పట్టి పైకి లాగుతాం. బిడ్డ చెయ్యి వేలాడేసి కదపడు, వాపు ఉండదు. మోచేతి దగ్గర ఎముక తల దాని చుట్టూ ఉన్న పట్టీలోంచి జారిందన్నమాట. కట్టు కట్టొద్దు. తెలిసిన డాక్టరు ముంజేతిని తిప్పి ఒక్క క్షణంలో సరిచేస్తారు, కాసేపట్లో బిడ్డ ఆ చేత్తోనే బిస్కెట్ అందుకుంటాడు. కిందపడ్డాడంటే మాత్రం ఎక్స్‌రే కావాలి. ఎత్తేటప్పుడు చంకల కింద పట్టి ఎత్తితే ఇది రానే రాదు.

బడి పిల్లల విషయానికొస్తే, 2020 నాటి కేంద్ర బడి సంచి విధానం ప్రకారం సంచి బరువు బిడ్డ బరువులో పదో వంతు దాటకూడదు. 1, 2 తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు, 6, 7 తరగతులకు 2 నుంచి 3 కిలోలు. లీటరు నీళ్ల సీసా ఒక్కటే కిలో తూగుతుంది, బడిలో మంచినీళ్లుంటే ఆ కిలో తగ్గుతుంది. రెండు పట్టీలూ భుజాలకు వేయాలి, బరువైన పుస్తకాలు వీపుకు ఆనాలి, సంచి నడుం కిందికి వేలాడకూడదు. సైకిలు మీద వెళ్లే పిల్లల సంచి వెనక క్యారియర్ మీద కట్టించండి.

10 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, వెన్ను పక్కకు వంకర తిరగడం నొప్పి లేకుండా మొదలవుతుంది. కనిపెట్టడం తేలిక. వీపు కనబడేలా నిలబెట్టి, పాదాలు దగ్గరగా, మోకాళ్లు తిన్నగా, అరచేతులు కలిపి ముందుకు వంగమనాలి. వెనక నుంచి చూస్తే వీపు ఒక పక్క రెండో పక్కకంటే ఎత్తుగా కనబడితే ఎక్స్‌రే తీయించాలి. 10 డిగ్రీలు దాటితేనే వంకర అంటారు. ఎదిగే వయసులో 25 నుంచి 40 డిగ్రీల మధ్య ఉంటే రోజులో ఎక్కువ గంటలు బ్రేస్ (ఒంటి చుట్టూ బిగించి వెన్నును పట్టి ఉంచే గట్టి తొడుగు) వేసుకోవాలి, అది నిజంగా ఆపుతుంది. పూసలు టక్కుమనిపిస్తే వంకర తగ్గదు, ఈలోగా బ్రేస్ వేయాల్సిన నెలలు చేజారిపోతాయి. రాత్రి నిద్ర లేపే వెన్నునొప్పి, జ్వరం, బరువు తగ్గడం, కాలి బలహీనత, మూత్రం పట్టు తప్పడం, వీపు మధ్య పూస పొడుచుకు రావడం, వీటిలో ఏది ఉన్నా ఆ వెన్ను మీద ఎవరి చెయ్యీ పడకముందే డాక్టరు చూడాలి. వెన్నుపూసల క్షయ మన దగ్గర ఇంకా ఉంది.

పెద్దలకు రెండే మాటలు. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకునే అలవాటు మానాలి, ఎముకలు గుల్లబారిన అమ్మమ్మలకు పూస విరుగుతుంది. క్షవరం అయ్యాక మెడ టక్కుమనిపించుకోవడం కూడా మానాలి. మెదడుకు వెళ్లే రక్తనాళం చిరగడం అరుదే, కానీ అలా చిరిగి పక్షవాతం వచ్చినవాళ్లున్నారు.

కైరోప్రాక్టర్లకు మన దేశంలో డాక్టర్లకున్నట్టు సొంత కౌన్సిల్ లేదు. అందుకే అడిగే బాధ్యత తల్లిదండ్రులదే. ఏం చదివారు? పిల్లల డాక్టరు చూశాకే చేస్తారా? మెడకు ఊపు ఇస్తారా? ఎన్ని విడతల్లో మార్పు కనబడాలి, కనబడకపోతే ఎవరి దగ్గరికి పంపుతారు? టీకాలు అక్కర్లేదన్నా, ఏడాదికి సరిపడా డబ్బు ముందే కట్టమన్నా లేచి వచ్చేయండి.

ప్రభుత్వానికి ఒక విన్నపం. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడులకు ఒకసారి వస్తాయి. వంకర పాదం, తుంటి లోపం వాళ్లు చూసే లోపాల జాబితాలో ఉన్నాయి, వెన్ను వంకర లేదు. 6 నుంచి 9 తరగతుల పిల్లలకు ఆ ముందుకు వంగే పరీక్ష కూడా చేర్చాలి. ఒక్కొక్కరికి అర నిమిషం చాలు. ఆడపిల్లల్ని మహిళా సిబ్బంది విడి గదిలో చూడాలి. మా జిల్లాల్లో ఏ బడి పిలిచినా ఆ పరీక్ష ఉపాధ్యాయులకు నేర్పడానికి మేం వస్తాం.

ఇట్లు,
పిల్లల ఫిజియోథెరపీ చేసే కొందరం,
కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాలు