డేటా సెంటర్ల కరెంటు లెక్క గంటలవారీగా చెప్పాలి

సంపాదకులకు,

రంగారెడ్డి జిల్లా చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేటల వైపు వస్తున్న డేటా సెంటర్ల వార్తల్లో పెట్టుబడి ఎన్ని వేల కోట్లన్నది ప్రముఖంగా కనిపిస్తోంది కానీ, వాటికి కావలసిన కరెంటు ఎక్కడి నుంచి వస్తుందన్నది కనిపించడం లేదు. ఆ సెంటర్ల మీద నడిచే కృత్రిమ మేధకు నేను వ్యతిరేకిని కాను. మా అమ్మాయి జీతం ఆ రంగం నుంచే వస్తోంది. అయితే 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లు సుమారు 41,500 కోట్ల యూనిట్లు వాడాయనీ, 2030 నాటికి అది 94,500 కోట్లకు చేరవచ్చనీ అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా.

మా అపార్ట్‌మెంట్ పైకప్పు మీద సోలార్ పలకలున్నాయి. సాయంత్రం ఆరున్నర దాటితే ఇన్వర్టర్ తెర మీద సున్నా పడుతుంది, లిఫ్టు మాత్రం ఆగదు. డేటా సెంటర్లలో రాత్రీపగలూ నడిచే సర్వర్ల (పెద్ద కంప్యూటర్ల) సంగతీ అంతే. ఏడాది మొత్తం మీద వాడినన్ని యూనిట్ల సౌర, పవన విద్యుత్తు కొన్నామని ఒక కంపెనీ చూపించుకున్నా, అర్ధరాత్రి మన గ్రిడ్ నుంచి తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం రామగుండం, మణుగూరు వంటి చోట్ల బొగ్గు కాల్చి తీసిందే.

ఆ బొగ్గు మీద బతికే కుటుంబాల్లో మా బావమరిదిది ఒకటి. గోదావరిఖని దగ్గర ఓపెన్ కాస్టు (పైనుంచి తవ్వే) గనిలో కాంట్రాక్టు మీద టిప్పర్ నడుపుతాడు. 2024 దసరాకు సింగరేణి పర్మినెంట్ కార్మికులకు లాభాల్లో వాటాగా సగటున రూ.1.90 లక్షలు అందితే, కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా రూ.5 వేల బోనస్ దక్కింది. బొగ్గు వాడకం తగ్గి రేపు గనులు మూతపడితే పర్మినెంట్ ఉద్యోగికి బదిలీ అయినా ఉంటుంది, ఇతనికి ఏముంటుంది? సోలార్ ప్లాంట్లలో పని దొరుకుతుందంటారు గానీ, కట్టడం పూర్తయ్యాక అక్కడ మిగిలేది పలకలు కడిగేవాళ్లకూ కాపలావాళ్లకూ సరిపడా పనే.

రాత్రి కరెంటుకు బొగ్గు అవసరం తగ్గాలంటే బ్యాటరీ నిల్వ కేంద్రాలు కావాలి. హైటెన్షన్ లైన్లు, సబ్‌స్టేషన్లు ఇప్పటికే ఉన్న బొగ్గు జిల్లాల్లోనే వాటిని పెట్టడం తేలిక. కనుక డేటా సెంటర్లకు భూములు, రాయితీలు ఇచ్చే ఒప్పందాల్లోనే ప్రభుత్వం రెండు షరతులు రాయాలి. ఏ గంటలో ఏ కరెంటు వాడారో ఆ లెక్కను కంపెనీలు ప్రజల ముందు పెట్టాలి; ఆ నిల్వ కేంద్రాల ఖర్చులో వాటా భరించి, అక్కడి పనుల్లో కాంట్రాక్టు గని కార్మికులకు జీతంతో కూడిన శిక్షణ ఇచ్చి, తొలి అవకాశం కల్పించాలి.

– ఒక పాఠకుడు, కాప్రా, హైదరాబాద్