తప్పెవరిదని అడిగావు కదా

చిట్టితల్లీ,

ఫోన్ ఎత్తవు, మెసేజ్‌కి జవాబు లేదు. రిహార్సల్స్‌తో తీరిక లేదని రాధ పిన్ని అంది. అదే అయ్యుంటుందిలే. రాత్రిళ్ళు మేలుకోకు, నీకసలే తలనొప్పి.

నువ్వు జూలియట్ వేస్తున్నావని తెలిసి నేనూ ఆ షేక్స్‌పియర్ నాటకం, రోమియో అండ్ జూలియట్, మళ్ళీ చదివాను. పిల్లలిద్దరి చావుకీ తప్పెవరిదని ఆమధ్య అడిగావు కదా. రోమియో ఎవరు వేస్తున్నారు? ఊరికే అడుగుతున్నా.

మీ నాన్న తప్పంతా అందని ఉత్తరానిదే అంటారు, జూలియట్ నిజంగా చావలేదు, మందుతో నిద్రపోతుందంతే అని రోమియోకి చెప్పాల్సిన ఉత్తరం. దాన్ని పట్టుకెళ్ళాల్సిన జాన్ సన్యాసి తోడు కోసం ఇంకో సన్యాసిని వెతుక్కుంటూ వెళ్ళడం, అక్కడ ప్లేగు ఉందేమోనని కాపలావాళ్ళు తలుపులు మూసేయడం, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. నేను ఒప్పుకోలేదు. అసలు వ్యవహారం ఉత్తరం దాకా ఎందుకొచ్చింది?

మూడో అంకం చివర చూడు. అప్పటికే రోమియోతో రహస్యంగా పెళ్ళయిపోయిన జూలియట్‌కి, అది తెలియక, గురువారం పారిస్ అనే పెద్దింటి అబ్బాయితో పెళ్ళన్నాడు తండ్రి. పిల్ల వద్దంటే వీధిలో పడి చావమన్నాడు. ముందు దాని మనసు గెలుచుకో, ఇంకో రెండేళ్ళు ఆగు అని పారిస్‌కి చెప్పింది కూడా ఈ మనిషే! సరే, ఆయన కోపం అలాంటిది, మీ తాతయ్యని చూడలేదూ. మరి తల్లికేమైంది? ఒక నెల, పోనీ ఒక వారం ఆపమ్మా అని పిల్ల బతిమాలుతుంటే, నాతో మాట్లాడకు, నీతో నాకు పని లేదు అని చక్కా పోయింది. ఇక మిగిలింది దాది. కబుర్లు మోసిందీ, తాడు నిచ్చెన తెచ్చిందీ ఆవిడే. తీరా ఇప్పుడు, పారిస్ ముందు రోమియో మసిగుడ్డ, ఇతన్నే చేసుకో అంటుంది. దానికి 14 ఏళ్ళు కూడా నిండలేదే! ఎవరితో చెప్పుకుంటుంది? నన్నడిగితే తప్పు ఆ తల్లిది.

పిల్ల మాత్రం తక్కువ తిందా? పెళ్ళికి ఒప్పుకున్నానని అబద్ధమాడింది. ఆ సంతోషం పట్టలేక తండ్రి ముహూర్తం బుధవారానికి జరిపాడు. పెళ్ళి తప్పించుకోడానికని తెచ్చుకున్న, చచ్చినట్టు 42 గంటలు నిద్రపుచ్చే మందు ఒక రాత్రి ముందే తాగాల్సొచ్చింది. నాకు రోమియోతో పెళ్ళయిపోయిందని తల్లికి చెప్పేస్తే ఏమయ్యేది? తిట్టేది, ఏడ్చేది, తర్వాత ఏదో ఒకటి చూసేది. ఏ ఆడపిల్లయినా ఇంట్లో చెప్పాలి. ముందే చెప్పాలి. పిన్నికి చెప్పి అమ్మకి చెప్పకపోవడం ఏం పద్ధతి? లెక్చర్ మొదలెట్టిందంటావు, ఆపేస్తాలే.

రోమియో వేసే అబ్బాయి మంచివాడేనట, పిన్నే అంది. తనకెలా తెలుసో నేను అడగలేదు.

సమాధి సీన్లో చాలాసేపు పడుకోవాలి కదా, కింద మందంగా ఏదైనా వేయించమను. కళ్ళజోడు లేకుండా స్టేజీ మెట్లు దిగేటప్పుడు ఎవరి చెయ్యైనా పట్టుకో. ఎవరిదైనా సరే.

ఆదివారం పొద్దున నాన్న ఇంట్లో ఉండరు, నేనొక్కదాన్నే. ఫోన్ చెయ్యి.

అమ్మ