నిప్పుల మీద రొట్టె

బిడ్డా,

దోస్తులతో సోమశిలకు పోతున్నవట, రాత్రి కృష్ణ ఒడ్డున వండుకుంటరట, మీ అమ్మ చెప్పింది. రొట్టె నువ్వు చేస్తనన్నవంట. మంచిదే. కూర దగ్గర అందరు గుమిగూడుతరు, రొట్టె దగ్గరికొచ్చేసరికి ఒక్కరుండరు. అందుకే కొలతలతో సహా రాస్తున్న.

ఒక్క ముచ్చట గట్టిగ పట్టుకో. రొట్టె కాలాల్సింది నిప్పుల మీద. మంట లేస్తున్నప్పుడే గిన్నె ఎక్కిస్తే పైన బొగ్గయితది, లోపల పిండి పిండిగనే ఉంటది. ఆకలి మీద అందరు చేసే తప్పు ఇదే. కట్టె అంటుకున్న కాడినుంచి మంచి నిప్పులు పడేదాక ముప్పావు గంట, ఒక్కోసారి గంట పడుతది. కూర ఆ మంట మీద ఉడకనియ్యి, రొట్టె దాని తర్వాత.

కట్టె తుమ్మది దొరికితే అంతకన్న మంచిది లేదు. సర్కారు తుమ్మ కూడ మంచిగనే నిప్పు పడుతది, మన దిక్కు దానికి కరువు లేదు, ముండ్లు మాత్రం చూసుకో. మణికట్టంత లావు ఎండు కట్టెలు రెండు చేతుల్ల పట్టినన్ని ఉండాలె. కంది కట్టె భగ్గున మండి బూడిదయితది, అంటువెట్టనీకి తప్ప పనికిరాదు. పత్తి కట్టె వద్దు, ఆ చేన్ల కొట్టిన మందులన్ని మీకు తెలిసినయే. గన్నేరు కొమ్మ పొయ్యిలకు గాని, రొట్టె చుట్టే పుల్లకు గాని అస్సలు ముట్టొద్దు. దాని ఆకు, కట్టె, పొగ అన్ని విషమే.

పొయ్యి రాళ్లు నీళ్లల్లకెళ్లి తియ్యొద్దు. తడి పీల్చిన రాయి వేడికి లోపల ఆవిరి పుట్టి పగులుతది, పెచ్చులు మొఖానికి కొడుతయి. గట్టున ఎండిన రాళ్లు తెచ్చుకోండ్రి. పొయ్యి రెండు భాగాలుగ పెట్టు. ఒక దిక్కు మంట ఆరకుండ మండాలె, పక్కన జానెడు వెడల్పు చదును జాగల నిప్పులు గుంజి రొట్టె పెట్టాలె. నిప్పు చల్లబడితే మంట దిక్కునుంచి కొత్తవి గుంజుకోవచ్చు. ఒడ్డున గాలి ఒక్క దిక్కునుంచే కొడుతది, ఆ దిక్కు రొట్టె ముందు మాడుతది. అటు అడ్డంగ నాలుగు రాళ్లు పేర్చు.

ఇగ పిండి. నలుగురికి సరిపోయే లెక్క ఇది. గోధుమ పిండి 200 గ్రాములు, మైదా 200 గ్రాములు, బేకింగ్ పౌడర్ 4 చిన్న చెంచాలు, ఉప్పు ఒక చిన్న చెంచా, చక్కెర ఒక పెద్ద చెంచా. చెంచా అంటే పైన గీసి సమం చేసిన చెంచా, కుప్పగ పోసింది కాదు. ఇవన్ని ఇంట్లనే జల్లెడ పట్టి, ఒక కవర్ల ఏసి మూతి గట్టిగ కట్టుకపో. ఒడ్డున గాలికి, చీకట్ల కొలుచుడు అయ్యే పని కాదు. నిప్పులు సిద్ధమైనంకనే మూడు పెద్ద చెంచాల పల్లినూనె పోసి చేతితోని రుద్దు, పిండి పొడిపొడిగ ఇసుక తీరు కావాలె. తర్వాత నీళ్లు. ముందు 220 మిల్లీలీటర్లు పోసి చూడు, ఇంకో 30, 40 పట్టొచ్చు. గోధుమ పిండి ఎక్కువ పీలుస్తది, ఒక్కో పిండి ఒక్కో తీరు. చపాతి పిండికన్న మెత్తగ, చేతికి కొంచెం అంటుకునేటట్టు ఉంటే సరి.

పిసుకుడు మాత్రం వద్దు. ఇది నీకు కొత్తగ అనిపిస్తది, ఎందుకంటే ఇంట్ల జొన్న రొట్టెకు మీ అమ్మ అరచేత్తోని పిండిని ఎంత ఒత్తుతదో చూసినవ్. జొన్నల సాగే గుణం లేదు, అందుకే మరిగే నీళ్లు పోసి జిగి తెప్పిస్తరు, రొట్టె రొట్టెకు మళ్ల ఒత్తుతరు. గోధుమల ఆ సాగుడు పుట్టుకతోనే ఉన్నది, ఎంత పిసికితే అంత బిగుసుకుంటది. చపాతికి అది కావాలె, పొంగే రొట్టెకు అదే చెడుపు. పొడి పిండి కనపడకుండ కలిసిందా, ఆపెయ్యి. ముద్ద గతుకులుగ ఉన్నా ఫికర్ లేదు.

కలిపినంక పావుగంటల గిన్నెల పడాలె. బేకింగ్ పౌడర్ల సోడా, పులుపు పొడి రెండూ ఉంటయి. నీళ్లు తగలంగనే కొంత గాలి పుడుతది, వేడి తగిలినంక మిగతాది. కలిపి పక్కన పెట్టి ముచ్చట్లల్ల పడితే మొదటి పొంగు ఊరికే పోతది.

గిన్నె సంగతి. మన ఇనుప కడాయి తీస్కపో, అడుగు 20 సెంటీమీటర్లు ఉన్నది. మూతకు జొన్న రొట్టెల పెంక తీస్కపో. దాని మధ్యల కొంచెం గుంతుంటది గద, బోర్లించకుండ అట్లనే పెడితే పైన పోసిన నిప్పులు జారవు. పలుచటి అల్యూమినియం గిన్నె వద్దు, అది 660 డిగ్రీల దగ్గర కరుగుతది, ఊదిన నిప్పు అంతకన్న వేడెక్కుతది. నాన్‌స్టిక్‌ది ఇంకా వద్దు, మితిమీరి కాగితే దాని పూత మంచిది కాని పొగ ఇడుస్తది. కుక్కర్ పిడులు ఎట్లయితయో చెప్పనక్కర లేదు.

కడాయికి నూనె రాసి, నిప్పుల మీద రెండు నిమిషాలు కాగనిచ్చి, ముద్దను రెండున్నర సెంటీమీటర్ల మందం మించకుండ పరుచు. మందం ఎక్కువైతే నడుమ కాలదు. అడుగున మోదుగాకు ఒకటి రెండు పరిస్తే మాడు తగ్గుతది. పెంక మూసి, కింద పలుచగ ఒక వరుస నిప్పులు, పైన దానికి రెండింతలు పొయ్యి. అడుగు లోహానికి ఆనుకొని ఉంటది గనుక కింద వేడి తక్కువే కావాలె. వేడి చూడనీకి, నిప్పుల మీద జానెడుకు కొంచెం తక్కువ ఎత్తున అరచెయ్యి పెట్టు. అయిదారు సెకండ్లు ఓర్చుకునేటట్టుంటే బాగున్నట్టు. రెండు సెకండ్లకే చెయ్యి గుంజుకుంటే కొన్ని పక్కకు జరుపు. ఏడెనిమిది నిమిషాలకోసారి కడాయిని పావు వంతు తిప్పు. మొత్తం 25 నుంచి 30 నిమిషాలు పడుతది. మొదటి పావుగంట మూత తియ్యకు, ఆవిరి పోతే పొంగిన రొట్టె కూలుతది. తియ్యాల్సొచ్చినప్పుడు పైన నిప్పులు, బూడిద ముందు ఊడ్చి, పటకారతోని పెంకను వంచకుండ లేపు.

అయినట్టు ఎట్ల తెలుస్తదంటే, నడిమిట్ల సన్న పుల్ల గుచ్చితే తడి పిండి అంటొద్దు. తిరగేసి అడుగున వేలితో కొడితే డొల్ల మోత రావాలె. తీసినంక పది నిమిషాలు ఆగు. వేడివేడిగ కోస్తే లోపలి ఆవిరికి జిగట జిగటగ ఉంటది, కాలలేదని మళ్ల పొయ్యిమీద పెడుతరు.

చెడితే కారణం రొట్టెనే చెప్తది. అడుగు మాడి నడుమ పచ్చిగుంటే కింద నిప్పు ఎక్కువైంది. పైన తెల్లగ, లోపల ఎండి పొడి రాలితే నిప్పు చాలక ఎక్కువసేపు పెట్టినట్టు. రాయి తీరుగుంటే పిసికినవన్నా అయ్యుండాలె, పౌడర్ పాతదన్నా అయ్యుండాలె. పౌడర్ లేదని ఎవరన్న తినే సోడా ఏస్తమంటే, 400 గ్రాముల పిండికి ఒక చిన్న చెంచా కంటే మించనియ్యకు, నీళ్ల బదులు పుల్లటి సల్ల పొయ్యి. పులుపు లేకుంటే సోడా పూర్తిగ ఇరగదు, రొట్టె పచ్చబడి సబ్బు వాసన కొడుతది.

కడాయి మోసుడు బరువనిపిస్తే అదే పిండి, నీళ్లు కొంచెం తక్కువ పోసి, వేలు లావు తాడు చేసి, తొక్క తీసిన తుమ్మ పుల్లకు చుట్టు. బొటనవేలు లావు పుల్ల చాలు. నిప్పులకు జానెడు ఎత్తున తిప్పుకుంట 12, 15 నిమిషాలు కాల్చాలె. కాలితే పుల్లనుంచి సులువుగ జారొస్తది. ఆ బొక్కల పల్లీల తొక్కు కూరి తింటే వేరే కూర అక్కర లేదు.

అడవి దిక్కు, మన్ననూరు అవతల అమ్రాబాద్ పులుల అడవిల ఇవేవీ చెయ్యకు. రిజర్వు అడవిల నిప్పు పెట్టుడు 1967 అటవీ చట్టం ప్రకారం నేరం. ఒడ్డున కూడ అక్కడోళ్లను అడిగినంకనే పొయ్యి పెట్టండ్రి. లేచేటప్పుడు ఇసుక కప్పి పోవద్దు, దాని కింద నిప్పు గంటలకొద్ది ఉంటది, పొద్దున ఎవరన్న వట్టి కాళ్లతో తొక్కుతరు. నీళ్లు పోసి, కట్టెతో కలియబెట్టి, మళ్ల పోసి, చెయ్యి వెనక దిక్కు ఆనించి చల్లగుందా చూసి లేవు.

పౌడర్ డబ్బా కొనేటప్పుడు తారీఖు చూడు. ఇంట్ల ఉన్నది వాడుతనంటే చెంచాడు వేడినీళ్లల్ల ఏసి చూడు, బుస్సున పొంగకపోతే పారెయ్యి.

మీ నాయిన